చెయ్యి జారిన వాక్యం

వాల్దీవియాలో దిగిన రోజు మొదలైన వాన.
తొమ్మిది వారాలైంది. ఇంకా అదే వాన అనుకుంటాను.
విశ్వవిద్యాలయంలో నీటి నాచుల మీద చదువు,
అది ఎలాగో గట్టెక్కుతుంది,
నాచులకి లాటిన్ పేర్లుంటాయి.
గట్టెక్కనిది వంటింట్లోనే.

దోన్యా ఎదెల్మీరాకి ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు,
నేర్చుకునే ఉద్దేశమూ లేదు.
కట్టెల పొయ్యి మీద నీళ్ళు పెడుతూ
మొదటి పూటే నా పేరులోంచి హ తీసేసింది.
వాళ్ళకి హ రాయడానికే, పలకడానికి కాదు.
హైమను కాస్తా ఐమానయ్యాను,
వారం తిరిగేసరికి ఐమీతాని.
ఆదివారాలు కూతురూ అల్లుడూ వస్తే
బల్ల చుట్టూ మాటలు వడగళ్ళలా పడేవి.
అందరూ నవ్వడం అయ్యాక
నేనొక్కదాన్నీ నవ్వేదాన్ని.

హ తీసుకున్న మనిషి బదులుగా ఒకటిచ్చింది.
పెర్రో అంటే కుక్క. పెరో అంటే కానీ.
నా కుక్కలన్నీ కానీలైపోతుంటే
పొయ్యి దగ్గర పడుకున్న బ్రూనోని చూపించి
"మళ్ళీ" అనేది.
ఒక సాయంత్రం నాలుక దానంతటదే గిర్రున తిరిగింది.
అప్పుడు గుర్తొచ్చింది,
అక్షరాల పటంలో అట్టడుగున, క్ష పక్కన
ఎవరూ పలకరించని బండి ఱ.
"ఇది ఇప్పుడు వాడరు" అని
రెండో తరగతిలో కొట్టేయించారు టీచరుగారు.
వాడతారు.
భూగోళానికి ఈ చివర, కుక్కని పిలవడానికి.

చేపల బజారు నది ఒడ్డున.
ఇక్కడివాళ్ళు మాట మధ్యలో స మింగేస్తారు.
విన్నది విన్నట్టు చీటీ రాసుకెళ్ళి
రెండు కిలోల పాపం ఇమ్మన్నాను రోసాల్బాని.
"ఎలాంటి పాపం కావాలి తల్లీ,
ఈ పొద్దుటిదా, నిన్నటిదా?"
పక్క కొట్టువాడు కత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.
వెనక మెట్ల మీద చేపతలల కోసం కాచుక్కూచున్న
సముద్ర సింహాలు కూడా
(వాటినిక్కడ తోడేళ్ళంటారు)
ఏదో అన్నాయి.

"మె గుస్తా" మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.
రొట్టె కర్త ఎలా అవుతుంది, నచ్చేది మనకి కదా అని
క్లాసులో జర్మనీ కుర్రాడు తల పట్టుకున్నాడు.
నాకు రొట్టె నచ్చింది.
నాకు. రొట్టె. నచ్చింది.
ఆ రోజంతా అతన్ని చూసి జాలిపడుతూ గడిపాను.

జూలైలో కప్పు పగలగొట్టాను. నీలం అంచుది,
ఆరింట్లో మిగిలిన చివరిది.
వచ్చిన వ్యాకరణమంతా కూడగట్టుకుని
"నేను కప్పు పగలగొట్టాను" అన్నాను.
ఆవిడ వంగి ముక్కలు ఏరుతూ,
"ఏం, గోడకేసి కొట్టావా?"
లేదు.
"మరి అలా అనకు. సె మె కాయో, అను."
తనంతట తాను పడింది, నా దగ్గర.
చెయ్యి జారింది అంటాం మనం.
మనం కూడా పాపం చేతి మీదికే నెట్టేస్తాం.
పుస్తకంలో పద్నాలుగో పాఠమది.
పరీక్షలో పదికి తొమ్మిది వచ్చాయి.

కరెంటు పోయిన రాత్రి.
రేకుల మీద వాన హోరుకి
ఆవిడ తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.
అరవైలో, మే నెలలో, నేల లేచి నిలబడిందంది.
తనకి ఏడేళ్ళు. తమ్ముడు లూచోకి నాలుగు.
నది పొలాల్లోకొచ్చిందనీ
ఇవాళ్టికీ తిరిగి వెళ్ళలేదనీ అంది.
నేను పడవేసుకెళ్ళి నాచు ఏరుకొచ్చే చిత్తడి
వాళ్ళ నాన్న బంగాళదుంపల మడి.
పరిగెడుతున్నాం, అంది.
వాడి చెయ్యి నా చేతిలో ఉంది, అంది.
తర్వాత,
సె మె సొల్తో.

నేను తెలుగులోకి మార్చుకోలేదు.
ఎప్పుడు అర్థమైందో కూడా తెలీదు.
వదిలాను, అనలేదు ఆవిడ.
అరవై ఏళ్ళు దాటినా ఆ ఒంటి అక్షరం, సె,
ఆవిడ పక్కనే నిలబడి
సాక్ష్యం చెబుతూనే ఉంది.
ఆవిడ నమ్మిందో లేదో.

ఏదో ఒకటి అనాలి.
నాకొచ్చిన మాటలన్నీ బజారువీ బస్సువీ.
లేచి పొయ్యిలో ఒక కట్టె పెట్టాను.
బ్రూనో తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది.

చాలాసేపటికి ఆవిడే అంది,
"రేపు చేప తే. స మర్చిపోకు."
చేప అన్నప్పుడు
తను మింగేసింది దాన్ని.